సగంలో ఆగిన గిటార్ చేతులు మారితే: చెక్క, కొలత, పేరు, చట్టం

చేత్తో చేసిన అకూస్టిక్ గిటార్ పూర్తికాకముందే ఒక తయారీదారు దగ్గర నుంచి మరొకరి దగ్గరకు చేరడం బయటివారు అనుకునేంత అరుదైన సంగతి కాదు. వయసు మీదపడి ఒకరు పని మానేస్తారు. ఒకరు చనిపోతే కుటుంబం పనిగదిని ఖాళీ చేస్తుంది. బయానా ఇచ్చిన వాయిద్యకారుడు మళ్లీ కనిపించడు. ఉత్సాహంగా పని నేర్చుకోవడం మొదలుపెట్టిన మనిషి పెట్టె మూసేదాకా వచ్చి, నెక్, అంటే గిటార్ మెడ, బిగించే ఘట్టం దగ్గర జంకి ఆపేస్తాడు. ఇలా మిగిలిపోయిన వాయిద్యాలు, పూర్తయిన గిటార్ ధరకంటే బాగా తక్కువకు అమ్మకానికి వచ్చినప్పుడు, వాటిని కొనేది చాలాసార్లు మరో తయారీదారే, లేకపోతే తయారీ నేర్చుకుంటున్న విద్యార్థి.

ఈ కొనుగోలు చుట్టూ ఉన్న గందరగోళానికి మూలం ‘అసంపూర్తి’ అన్న మాటను అందరూ మిగిలిన పనికి కొలతగా తీసుకోవడంలో ఉంది. అమ్మేవారు ‘తొంభై శాతం అయిపోయింది’ అంటారు, కొనేవారు మిగిలిన పది శాతానికి ఎన్ని గంటలు పడతాయో లెక్క వేసుకుంటారు. గిటార్ విషయంలో ఈ లెక్క తలకిందులుగా ఉంటుంది. మిగిలిన పని ఎంత అన్నదానికంటే, జరిగిపోయిన పనిలో ఏ నిర్ణయాలు ఇక వెనక్కి తీసుకోలేనివి, వాటిలో ఎన్నింటిని ఇప్పుడు చూసి పరీక్షించగలం అన్నదే వాయిద్యం విలువను ఎక్కువగా నిర్ణయిస్తుంది. ధర, కొలతలు, పేరు, చివరకు కస్టమ్స్ అధికారి అడిగే కాగితాలు కూడా ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతాయి.

ఏ దశలో ఆగింది?

అకూస్టిక్ గిటార్ నిర్మాణాన్ని స్థూలంగా నాలుగు మజిలీలుగా చూడవచ్చు. మొదటిది విడి చెక్కల దశ. పైపలకకు సాధారణంగా స్ప్రూస్ లేదా సెడార్, వెనుక పలకకూ పక్కలకూ రోజ్‌వుడ్, మహాగని, మేపుల్, వాల్‌నట్ వంటి చెక్కలు ఎంచి, పలకలను రెండేసి ముక్కలుగా అతికించి, పక్కలను తడి, వేడి సాయంతో వంచి ఉంచుతారు. ఇక్కడ ఆగిన గిటార్‌ను కొంటే నిజానికి కొన్నది చెక్కనే. అన్నీ కళ్లముందే ఉంటాయి, అన్నీ మార్చుకోవచ్చు.

రెండోది మూసిన పెట్టె. పైపలక అడుగున బలానికీ నాదానికీ బద్దెలు అతికించి, పక్కలతో కలిపి, వెనుక పలక మూసేస్తారు. ఉక్కు తీగల గిటార్లలో ఈ బద్దెలు ఎక్కువగా ఇంటూ గుర్తు ఆకారంలో ఉంటాయి, నైలాన్ తీగల క్లాసికల్ గిటార్లలో విసనకర్ర పుల్లల్లా పరుచుకుని ఉంటాయి. మూడో మజిలీలో నెక్ తయారై, ఫ్రెట్లు అనే మెట్లు దిగే ఫ్రెట్‌బోర్డు పట్టీ దానిమీద అతికి, పెట్టెకు కుదిరే జాయింటు కోసి ఉంటుంది. నాలుగోది పాలిష్ ఒక్కటీ లేని పూర్తి గిటార్. ఈ వృత్తిలో దీన్ని ‘ఇన్ ది వైట్’ అంటారు. చూడడానికి అంతా అయిపోయినట్టే ఉంటుంది, వాయించి చూడడానికి మాత్రం చాలాసార్లు పైపలక మీద తీగల కొసలను పట్టి ఉంచే బ్రిడ్జ్ ఉండదు, తీగలు ఉండవు.

మొదటి దశకూ రెండో దశకూ మధ్య ఉన్న గీత మిగిలిన అన్ని గీతలకంటే లోతైనది. వెనుక పలక అతికిన క్షణంలో, గిటార్ నాదాన్ని శాసించే పనిలో ఎక్కువ భాగం లోపలికి వెళ్లిపోతుంది. అందుకే అనుభవమున్న కొందరు ‘విడి చెక్కలు కొనండి, లేదా వాయించి చూడగలిగిన గిటార్ కొనండి, మధ్యలో ఉన్నది మాత్రం కొనకండి’ అంటారు. ఈ మాటలో నిజముంది కానీ పూర్తి నిజం కాదు. మూసిన పెట్టె అనుకున్నంత గుట్టుగా ఉండదు.

మూసిన పెట్టెలో ఏం తెలుస్తుంది, ఏం తెలియదు

పైపలక మందం ఉక్కు తీగల గిటార్‌లో సుమారు రెండున్నర నుంచి మూడు మిల్లీమీటర్లు ఉంటుంది. పావు మిల్లీమీటరు తేడా కూడా పలక బిగువును గణనీయంగా మారుస్తుంది, ఎందుకంటే పలక వంగకుండా నిలిచే శక్తి మందపు ఘనాన్ని అనుసరిస్తుంది. మూడు మిల్లీమీటర్ల పలకను రెండున్నరకు తగ్గిస్తే మందం ఆరోవంతే తగ్గుతుంది, బిగువు మాత్రం దాదాపు నలభై రెండు శాతం పోతుంది. ఈ మందాన్ని పెట్టె మూసిన తర్వాత కూడా కొలవవచ్చు. లోపల ఒక చిన్న అయస్కాంతం, బయట ఒక స్ప్రింగు కొలబద్ద పెట్టి, ఆకర్షణ బలాన్ని బట్టి మధ్యలో ఉన్న చెక్క మందం చెప్పే సాధనాలు ఈ వృత్తిలో మామూలే.

పైపలక మధ్యలో ఉండే రంధ్రం, అంటే సౌండ్‌హోల్ గుండా చిన్న అద్దం, దీపం పెట్టి చూస్తే బద్దెల ఎత్తు, వాటి చివరలు ఎలా పలుచబడ్డాయో, ఎక్కడైనా జిగురు వదిలి సందు కనిపిస్తోందో తెలుస్తుంది. సెల్‌ఫోన్ కెమెరాకు అతికించే సన్నని గొట్టపు కెమెరాలు వచ్చాక ఇది ఇంకా తేలికైంది. వేలి కణుపుతో తట్టి వింటే వదులుగా ఉన్న బద్దె గరగరమంటుంది.

తెలియనివి రెండు. ఒకటి, ఏ జిగురు వాడారు అన్నది. పశుచర్మంతో చేసే హైడ్ గ్లూ, నేటి తెల్ల లేదా పసుపు వడ్రంగి జిగుళ్లు, ఎపాక్సీ, ఇవన్నీ ఎండిన తర్వాత అతుకు బయట నుంచి ఒకేలా కనిపించవచ్చు, కానీ రేపు మరమ్మతుకు విప్పవలసి వస్తే ఒక్కోటి ఒక్కోలా ప్రవర్తిస్తుంది. హైడ్ గ్లూ వేడికీ తేమకూ వదులుతుంది, దానిమీద మళ్లీ అదే జిగురు పడుతుంది. మిగిలినవి విప్పినా, పాత జిగురును పూర్తిగా గీకితే తప్ప కొత్తది పట్టుకోదు. రెండోది ఇంకా ముఖ్యం: బద్దెలు అతికించిన రోజున ఆ గదిలో గాలి తేమ ఎంత అన్నది. దీన్ని చెప్పగలిగింది చేసిన మనిషి ఒక్కరే, అదీ వారు రాసి పెట్టుకుని ఉంటేనే.

తేమ లెక్క ఎందుకంత ముఖ్యం

చెక్క తన చుట్టూ ఉన్న గాలి తేమను బట్టి నీటిని పీల్చుకుంటుంది, వదులుతుంది. నీరు పీల్చినప్పుడు నారకు అడ్డంగా ఉబ్బుతుంది, పొడవునా దాదాపు మారదు. బద్దెలు చాలావరకు పలక నారకు అడ్డంగానో ఏటవాలుగానో వెళతాయి కాబట్టి, పలక కదలాలనుకుంటే బద్దె కదలనివ్వదు. అందుకే తయారీదారులు పనిగదిలో సాపేక్ష ఆర్ద్రతను నలభై, యాభై శాతం మధ్య కట్టడి చేసి, ఆ స్థితిలోనే బద్దెలు అతికిస్తారు.

ఒక ఉదాహరణ చూద్దాం. విశాఖపట్నంలో వానాకాలంలో, తేమను అదుపు చేసే యంత్రం లేని గదిలో, ఎనభై శాతం ఆర్ద్రత ఉన్నప్పుడు ఒక అభ్యాసకుడు పైపలకకు బద్దెలు అతికించి పెట్టె మూశాడనుకుందాం. ఆ గాలిలో చెక్కలోని నీటి శాతం సుమారు పదహారు దగ్గర స్థిరపడుతుంది. నలభై ఐదు శాతం ఆర్ద్రతలో అయితే అది ఎనిమిదిన్నర ప్రాంతంలో ఉండేది. స్ప్రూస్ పలకను సరిగా, అంటే వార్షిక వలయాలు పలకకు నిలువుగా ఉండేలా కోస్తే, నీటి శాతం ఒక అంకె తగ్గినప్పుడు అడ్డం కొలత సుమారు 0.14 శాతం కుంచించుకుంటుంది. గిటార్ కింది పొట్ట వెడల్పు నాలుగు వందల మిల్లీమీటర్లు అనుకుంటే, ఏడున్నర అంకెల తేడాకు పలక నాలుగు మిల్లీమీటర్లకు పైగా ముడుచుకోవాలనుకుంటుంది. అంచులు పక్కలకు, అడుగు బద్దెలకు అతికి ఉన్న పలకకు ముడుచుకునే దారి లేదు. ముందు డొప్పలా లోపలికి దిగుతుంది, తర్వాత నార వెంట పగులుతుంది.

ఈ పెట్టెను కాకినాడలో ఉన్నవారు కొంటే ఏళ్ల తరబడి ఏమీ కాకపోవచ్చు. అదే పెట్టె చలికాలంలో హీటర్ వేసిన ఇంట్లో ఆర్ద్రత ఇరవై శాతానికి పడిపోయే అమెరికాలోని మినియాపోలిస్‌కు వెళితే మొదటి శీతాకాలం దాటడం కష్టం. పొడిగా ఉన్నప్పుడు మూసిన పెట్టె తేమ ప్రాంతానికి వస్తే కథ వేరు: పలక పైకి ఉబ్బి తీగల ఎత్తు పెరుగుతుంది, వాయించడం ఇబ్బంది అవుతుంది, కానీ సాధారణంగా పగలదు. కాబట్టి రెండు తప్పుల్లో ఒకటి దిద్దుకోదగినది, రెండోది కాదు. బయటకు మాత్రం రెండు పెట్టెలూ ఒక్కలాగే కనిపిస్తాయి.

నెక్ కోణం: మిల్లీమీటరులో తేలే వ్యవహారం

మూడో మజిలీలో ఆగిన గిటార్ల గురించి ఎక్కువ వాదనలు జరిగేది ఇక్కడే. తీగలు ఫ్రెట్ల మీద తక్కువ ఎత్తులో ఉండాలి, అదే సమయంలో బ్రిడ్జ్ మీద తీగలు ఆనే సన్నని పట్టీకి, అంటే శాడిల్‌కు, తగినంత ఎత్తు ఉండాలి. ఈ రెండింటినీ కుదిర్చేది నెక్ పెట్టెతో చేసే కోణం. మామూలు పరీక్ష ఏమిటంటే, ఒక సూటి ఇనుప పట్టీని ఫ్రెట్ల మీదుగా చాచి పెడితే దాని కొస బ్రిడ్జ్ పైఅంచును ఒరుసుకుంటూ పోవాలి. బ్రిడ్జ్ ఇంకా అతికించని గిటార్‌లో అయితే, బ్రిడ్జ్ రావలసిన చోట పట్టీ కొస పలకకు తొమ్మిది, పది మిల్లీమీటర్ల ఎత్తులో ఉండాలి, ఎందుకంటే బ్రిడ్జ్ మందం ఇంచుమించు అంతే.

పట్టీ ఐదున్నర మిల్లీమీటర్ల ఎత్తులోనే ఉందనుకుందాం. తొమ్మిదిన్నర కావాలంటే నాలుగు మిల్లీమీటర్లు తక్కువ. దీన్ని సరిచేయాలంటే నెక్ మడమ, అంటే పెట్టెను కలిసే లావు కొస దగ్గర, పెట్టెను ఆనుకునే అంచు నుంచి చెక్క తీయాలి. ఎంత తీయాలన్నది సరూప త్రిభుజాల లెక్క. పెట్టెకూ నెక్‌కూ జాయింటు పద్నాలుగో ఫ్రెట్ దగ్గర ఉన్న గిటార్‌లో, తీగ పొడవు 645 మిల్లీమీటర్లు అయితే, జాయింటు నుంచి శాడిల్ దాకా సుమారు 287 మిల్లీమీటర్లు వస్తుంది. మడమ లోతు తొంభై మిల్లీమీటర్లు అనుకుంటే, నాలుగును తొంభైతో హెచ్చించి 287తో భాగిస్తే ఒకటింబావు మిల్లీమీటరు. మడమ అడుగున ఒకటింబావు, పైకి వచ్చేసరికి సున్నా అయ్యేలా ఏటవాలుగా ఉలితో తీస్తే పని అయిపోతుంది.

అంటే లోపం పెద్దదిగా కనిపించినా దిద్దుబాటు చిన్నదే, ఒక షరతు మీద: నెక్ ఇంకా విప్పగలిగేలా ఉండాలి. బోల్టులతో బిగించే జాయింటు అయితే ఇది ఒక పూట పని. పావురం తోక ఆకారపు నాలుక గాడిలో దిగే డవ్‌టెయిల్ జాయింటు కోసి, ఇంకా జిగురు పెట్టకపోయి ఉంటే, ఓపికతో కూడిన రెండు మూడు రోజుల పని. జిగురు పెట్టేసి ఉంటే ఆవిరి పట్టి విప్పాలి, పాలిష్ లేని చెక్క మీద ఆ ఆవిరి మరకలు మిగులుస్తుంది. ఇదే తప్పును పట్టించుకోకుండా బ్రిడ్జ్ అతికించి తీగలు కడితే, తర్వాత దిద్దుకునే చోటు శాడిల్ ఒక్కటే మిగులుతుంది. పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగ ఒక మిల్లీమీటరు దిగాలంటే శాడిల్ రెండు మిల్లీమీటర్లు దిగాలి. శాడిల్ బయటకు కనిపించేది సాధారణంగా మూడు మిల్లీమీటర్లే కాబట్టి ఆ దారి త్వరగా మూసుకుపోతుంది.

ఈ లెక్క తెలిసినవారు పూర్తయిన నెక్ ఉన్న గిటార్ కంటే జిగురు పెట్టని నెక్ ఉన్న గిటార్‌కు ఎక్కువ ధర ఇవ్వడానికి సిద్ధపడతారు. పైకి వింతగా తోచినా ఇందులో తర్కం గట్టిదే.

ఫ్రెట్‌బోర్డు మీద ఎవరి కొలత ఉంది?

తీగ పొడవును ఒక్కో తయారీదారు ఒక్కోలా ఎంచుకుంటారు. ఉక్కు తీగల గిటార్లలో 25.4 అంగుళాలు, అంటే 645 మిల్లీమీటర్లు చాలా ప్రసిద్ధం. క్లాసికల్ గిటార్లలో 650 మిల్లీమీటర్లు వాడుక. ఫ్రెట్ల గాడులు కోసిన క్షణంలో ఈ ఎంపిక ఖరారవుతుంది, బ్రిడ్జ్ ఎక్కడ అతకాలన్నది కూడా దానితోనే నిర్ణయమైపోతుంది. కొన్నవారు తమ పనిగదిలో ఎప్పుడూ వాడే కొలతనే ఇక్కడా అనుకుంటే ఏమవుతుందో చూద్దాం.

645 పొడవుకు గాడులు కోసిన ఫ్రెట్‌బోర్డులో నట్ (తలభాగం దగ్గర తీగలు ఆనే పట్టీ) నుంచి పన్నెండో ఫ్రెట్ దాకా 322.5 మిల్లీమీటర్లు ఉంటుంది. తీగను నొక్కినప్పుడు అది సాగి శ్రుతి కాస్త పెరుగుతుంది కాబట్టి, దాన్ని సరిపెట్టడానికి శాడిల్‌ను సగటున మూడు మిల్లీమీటర్లు వెనక్కి జరుపుతారు, అంటే నట్ నుంచి 648 దగ్గర. 650 అనుకుని మూడు కలిపి 653 దగ్గర బ్రిడ్జ్ అతికిస్తే, పన్నెండో ఫ్రెట్ స్వరం ఉండవలసిన చోటు నుంచి సుమారు పదమూడు సెంట్లు దిగిపోతుంది. అర్ధస్వరానికి వంద సెంట్లు. పదమూడు సెంట్ల అపశ్రుతి శిక్షణ ఉన్న చెవికి చేదుగా తగులుతుంది. ముందే పట్టుకోవడం మాత్రం ఏమంత కష్టం కాదు. నట్ నుంచి పన్నెండో ఫ్రెట్ దాకా కొలిచి రెట్టింపు చేస్తే అసలు పొడవు బయటపడుతుంది. మొదటి ఫ్రెట్ దూరాన్ని 17.817తో హెచ్చించినా అదే సంఖ్య రావాలి, ఆ రెండూ కలవకపోతే గాడులే తప్పుగా ఉన్నాయని అర్థం.

బొబ్బిలి వీణ పని తెలిసినవారికి ఈ కఠినత్వం ఆశ్చర్యం కలిగించవచ్చు. వీణలో మెట్లను మైనం మీద నిలిపి, చెవితో సరిచూస్తూ మేళం కడతారు. పాతబడితే కరిగించి మళ్లీ కట్టవచ్చు, అందుకు వేరే నిపుణులే ఉంటారు. గిటార్‌లో మెట్టు చెక్కలోకి దిగిపోతుంది. గాడి తప్పితే ఫ్రెట్‌బోర్డునే మార్చాలి.

పాలిష్ ఒక్కటే మిగిలింది అన్నప్పుడు

పాలిష్ చాలామంది తయారీదారులు ఇష్టపడని పని. నైట్రోసెల్యులోజ్ లాకర్‌ను పొరలు పొరలుగా చల్లి, వారాల తరబడి ఆరనిచ్చి, రుద్ది మెరిపించాలి, దాని ఆవిరికి మండే గుణమూ విషగుణమూ రెండూ ఉన్నాయి. మన దేశంలో విరివిగా పండే లక్క నుంచి తీసిన షెల్లాక్‌తో చేసే ఫ్రెంచ్ పాలిష్ సురక్షితం, దిద్దుబాటుకు తేలిక, కానీ గుడ్డతో వందల సార్లు రుద్దే ఓపిక కావాలి. ఈ కారణంగానే అనుభవజ్ఞులు కూడా పాలిష్‌ను బయట నిపుణులకు ఇచ్చేస్తుంటారు, ఈ దశలో ఆగిన గిటార్లు మిగిలినవాటికంటే తరచుగా అమ్మకానికి వస్తాయి.

ఇక్కడ దాగి ఉండే లోపాలు రెండు మూడు రకాలే. అతుకుల దగ్గర తుడవకుండా వదిలిన జిగురు పచ్చి చెక్క మీద కనిపించదు, పాలిష్ పడగానే పాలిపోయిన మచ్చలా తేలుతుంది. సిలికాన్ కలిసిన ఏ పదార్థమైనా చెక్కకు తగిలి ఉంటే లాకర్ గుంటలు గుంటలుగా విడిపోతుంది. ఏళ్ల తరబడి అల్మారాలో పడి ఉన్న స్ప్రూస్ ఒకవైపు మాత్రమే వెలుతురు తగిలి రంగు మారి ఉంటుంది, గరుకు కాగితంతో రుద్ది ఆ తేడా తీయబోతే పలక మందం తగ్గుతుంది. మందం తగ్గితే ఏమవుతుందో పైన చూశాం.

ధర ఎలా తేల్చాలి: ఒక ఊహాత్మక లెక్క

ఇక్కడి అంకెలన్నీ ఉదాహరణకు అనుకున్నవి. ఒక తయారీదారు పూర్తయిన గిటార్లు రెండు లక్షల రూపాయలకు అమ్ముడవుతాయనుకుందాం. వారు మొదలుపెట్టిన, నెక్ బిగించని, పాలిష్ లేని గిటార్ ఒకటి డెబ్భై వేలకు అమ్మకానికి వచ్చింది. కొన్న తయారీదారు నెక్ కుదర్చడానికి ఎనిమిది గంటలు, ఫ్రెట్లకు ఆరు, బ్రిడ్జ్, నట్, శాడిల్‌కు ఆరు, పాలిష్‌కు ఇరవై ఐదు, చివరి సర్దుబాటుకు ఐదు, మొత్తం యాభై గంటలు పెట్టాడు. గంటకు ఏడు వందల చొప్పున ముప్పై ఐదు వేలు. తీగలు బిగించే మరలకు, ఫ్రెట్ తీగకు, ఎముక శాడిల్‌కు, ఇతర సామగ్రికి పద్దెనిమిది వేలు, పాలిష్ సరకుకు ఏడు వేలు. మొత్తం పెట్టుబడి లక్షా ముప్పై వేలు. రెండు లక్షలతో పోలిస్తే డెబ్భై వేలు మిగులుతున్నట్టు కనిపిస్తుంది.

ఈ లెక్కలో బలహీనమైన అంకె చివరిది. రెండు లక్షలు పలికేది మొదటి తయారీదారు తన చేత్తో ముగించి, తన పేరు వేసి, రేపు ఏదైనా అయితే నేనున్నానని చెప్పిన గిటార్‌కు. ఈ గిటార్‌కు ఆ పేరు వేయడానికి వారు ఒప్పుకోకపోతే, ఇది రెండో మనిషి గిటార్‌గానే అమ్ముడవుతుంది. రెండో మనిషి గిటార్లకు బజారులో లక్షా ఇరవై వేలే వస్తుంటే, డెబ్భై వేల లాభం కాస్తా పదివేల నష్టంగా మారుతుంది, ఒక్క గంట పని అదనంగా చేయకుండానే.

నేర్చుకునేవారి లెక్క వేరు. వారికి అమ్మడం లక్ష్యం కాదు. మూసిన పెట్టె కొంటే వంద గంటల పని తప్పుతుంది, కానీ బద్దెలు చెక్కడం, పలకను తట్టి వినడం, పక్కలు వంచడం, అసలు నేర్చుకోవలసిన పనులన్నీ ఆ వంద గంటల్లోనే ఉన్నాయి. నెక్ కోణం, ఫ్రెట్లు, పాలిష్ మాత్రమే నేర్చుకోదలచినవారికి ఇది మంచి బేరం. గిటార్ తయారీ మొత్తం నేర్చుకోవాలనుకునేవారికి ఇది ఖరీదైన అడ్డదారి అని నా అభిప్రాయం.

పూర్తి చేసినవారిదా, మొదలుపెట్టినవారిదా?

పేరు విషయంలో రెండు వాదాలున్నాయి, రెండింటికీ చరిత్రలో దన్ను ఉంది.

మొదటి వాదం ప్రకారం గిటార్ రూపకల్పన చేసి, పలకలకు మందం కుదిర్చినవారే దాని తయారీదారు. మిగిలింది ముగింపు పని. ఈ వాదానికి అందరూ చెప్పే ఉదాహరణ న్యూయార్క్‌ది. జాన్ డి ఏంజెలికో 1932లో అక్కడ కెన్‌మేర్ వీధిలో దుకాణం పెట్టి, వయొలిన్ పద్ధతిలో పలకలు చెక్కి చేసే ఆర్చ్‌టాప్ గిటార్లకు పేరుపొందాడు. 1964లో ఆయన చనిపోయేనాటికి పది గిటార్లు అసంపూర్తిగా మిగిలాయి. 1950ల మొదట్లో శిష్యుడిగా చేరిన జేమ్స్ డి అక్విస్టో వాటిని పూర్తి చేశాడు. వాటిని నేటికీ డి ఏంజెలికో చివరి గిటార్లుగానే లెక్కిస్తారు. ఆ తర్వాత సొంతంగా చేసినవాటికి శిష్యుడు తన పేరే పెట్టుకున్నాడు. ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోవాలి: ముగించినవాడు బయటివాడు కాడు, పదేళ్లకు పైగా అదే బల్ల దగ్గర అదే పని చేసినవాడు. డబ్బు పెట్టి కొన్న అపరిచితుడికి ఈ ఉదాహరణ ఎంతవరకు వర్తిస్తుందో అనుమానమే.

రెండో వాదం ప్రకారం వాయిద్యానికి పూచీ పడేవారిదే పేరు. తీగలు బిగించి, అది నిలుస్తుందని హామీ ఇచ్చేది ముగించినవారు కాబట్టి లోపల ఎవరి చెయ్యి ఉన్నా అది వారి గిటార్. యూరప్‌లో మార్క్‌నాయ్‌కిర్‌షెన్, షోన్‌బాఖ్ ప్రాంతాల్లో వయొలిన్ పరిశ్రమ పెద్దయెత్తున ఇలాగే నడిచింది. ఒక ఇంట్లో మెడలు, మరో ఇంట్లో పెట్టెలు చేస్తే, వర్తకుడు పోగుచేసి పాలిష్ చేయించి చీటీ అతికించేవాడు. షికాగోలో కార్ల్, ఆగస్ట్ లార్సన్ సోదరులు చేసిన అద్భుతమైన గిటార్లు మౌరర్, ప్రెయిరీ స్టేట్, యుఫోనాన్, స్టాల్, డయ్యర్ వంటి పేర్లతో బజారులోకి వెళ్లాయి, వారి సొంత పేరు వాటి మీద కనిపించదు. అవి ఎవరి చేతిపనో సంగ్రాహకులు తర్వాత వెతికి తేల్చుకోవలసి వచ్చింది.

అసలు గిటార్ చేసే హక్కు ఎవరిదన్న తగాదా కూడా పాతదే. మార్క్‌నాయ్‌కిర్‌షెన్‌లో వయొలిన్ తయారీదారుల సంఘం, గిటార్లు చేస్తున్న పేటికల వడ్రంగులకు ఆ హక్కు లేదని పోరాడింది. ఆ వడ్రంగి కుటుంబాల్లో ఒకదానికి చెందిన సి.ఎఫ్. మార్టిన్ 1833లో అమెరికా వెళ్లి పెట్టిన సంస్థ ఇప్పటికీ గిటార్లు చేస్తోంది.

రెండు వాదాల మధ్య ఆచరణలో కుదిరిన మార్గం ఒకటుంది. లోపలి చీటీ మీద ఇద్దరి పేర్లూ, ఎవరు ఏ భాగం చేశారో, ఏ సంవత్సరంలోనో రాస్తారు. దీనికి మొదటి తయారీదారు సమ్మతి అవసరం, ఎందుకంటే రేపు నెక్ కదిలితే నింద పడేది వారి పేరు మీద కూడా. అందుకే కొందరు అసంపూర్తి గిటార్ అమ్మేటప్పుడు తలభాగం మీద ఉన్న తమ గుర్తును చెక్కి తీసేస్తారు. కొన్నవారికి ఇది కించపరిచినట్టు అనిపించవచ్చు. అమ్మినవారి వైపు నుంచి చూస్తే, తాను అదుపు చేయలేని పనికి పూచీ పడకపోవడం న్యాయమే. ఏ ఒప్పందమూ లేకుండా ప్రసిద్ధమైన పేరు ఒక్కటే చీటీ మీద వేసి అమ్మడాన్ని మాత్రం ఏ వాదమూ సమర్థించదు.

సరిహద్దు దాటేటప్పుడు ‘పూర్తయినది’ అంటే ఏమిటి?

చెక్క వ్యాపారం మీద ఉన్న అంతర్జాతీయ నియమాలు ఈ విషయాన్ని మరింత చిక్కుపరిచాయి. అంతరించే ప్రమాదమున్న జీవజాతుల వాణిజ్యాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం, 2017 జనవరి 2 నుంచి డాల్బెర్జియా జాతి రోజ్‌వుడ్‌లన్నింటినీ, అప్పటికే మరింత కఠినమైన మొదటి అనుబంధంలో ఉన్న బ్రెజిల్ రోజ్‌వుడ్ తప్ప, రెండో అనుబంధంలో, అంటే అనుమతిపత్రంతోనే సరిహద్దు దాటే జాబితాలో చేర్చింది. మనవాళ్లు ఇరుగుడు, జిట్రేగి అని పిలిచే దక్షిణ భారతపు రోజ్‌వుడ్ కూడా ఇందులో ఉంది. బ్రెజిల్ రోజ్‌వుడ్ కొరత వచ్చాక, 1960ల చివరి నుంచి ప్రపంచపు గిటార్ పరిశ్రమ ఎక్కువగా ఆధారపడింది ఈ చెక్క మీదే. ఒక్కో గిటార్‌కూ అనుమతిపత్రం కావలసి రావడంతో వాయిద్యకారులూ తయారీదారులూ గగ్గోలు పెట్టారు, 2019 నవంబరు 26 నుంచి పూర్తయిన వాయిద్యాలకూ, పూర్తయిన వాయిద్య భాగాలకూ మినహాయింపు వచ్చింది.

అసంపూర్తి గిటార్ సరిగ్గా ఈ మినహాయింపు అంచు మీద నిలబడుతుంది. ఒప్పందం ఇచ్చిన నిర్వచనం ప్రకారం, వాయించడానికి సిద్ధంగా ఉన్నది, లేదా భాగాలు అమర్చితే చాలు వాయించగలిగేది పూర్తయిన వాయిద్యం. పాలిష్ ప్రస్తావన అందులో లేదు. కాబట్టి ఫ్రెట్లు వేసి, నెక్ బిగించి, మరలూ తీగలూ మాత్రమే కావలసిన గిటార్, పాలిష్ లేకపోయినా, ఆ నిర్వచనంలోకి వస్తుందని వాదించవచ్చు. నెక్ కోణం ఇంకా చెక్కవలసి ఉన్న పెట్టెకు ఆ వాదన నిలవదు, ఎందుకంటే అక్కడ మిగిలింది అమరిక మాత్రమే కాదు, చెక్క కోత కూడా. రోజ్‌వుడ్ పలకలు, వంచిన పక్కలు విడిగా పంపితే అవి దాదాపు ముడిసరకు కిందే లెక్క.

ఈ గీత కాగితం మీది గీత మాత్రమే కాదని 2011లో తేలింది. ఆ ఆగస్టులో అమెరికా అధికారులు గిటార్లు చేసే గిబ్సన్ సంస్థ కార్ఖానాల మీద దాడి చేసి, భారతదేశం నుంచి వచ్చిన ఎబొనీ, రోజ్‌వుడ్ ఫ్రెట్‌బోర్డు పట్టీలను స్వాధీనం చేసుకున్నారు. గాడులు కోయని ఆ పట్టీలు కోత కలపా, వాయిద్య భాగమా అన్నదే తగాదా. కోత కలప అయితే దాని ఎగుమతిని భారత చట్టం నిషేధిస్తుందని, ఆ లెక్కన దిగుమతిని, వేరే దేశపు చట్టాన్ని మీరి తెచ్చిన కలపను నిషేధించే అమెరికా లేసీ చట్టం తప్పుపడుతుందని అధికారుల వాదన. 2012 ఆగస్టులో, ప్రధానంగా మడగాస్కర్ ఎబొనీకి సంబంధించిన అంతకుముందరి వ్యవహారం మీద, సంస్థ మూడు లక్షల డాలర్ల జరిమానా కట్టి రాజీ పడింది. భారత చట్టం ఈ పట్టీల విషయంలో స్పష్టంగా లేదని ఒప్పుకుని ఆ సరకును తిరిగి ఇచ్చేశారు.

బెంగళూరులోని ఒక తయారీదారు నుంచి డల్లాస్‌లో ఉన్న తెలుగు అభ్యాసకుడు ఇరుగుడు పెట్టె ఒకటి కొంటున్నాడనుకుందాం. నెక్ బిగించి, ఫ్రెట్లు వేసి, బ్రిడ్జ్ పెట్టి పంపితే అది మినహాయింపు పొందడానికి మంచి అవకాశముంది. అదే పెట్టెను నెక్ లేకుండా పంపితే భారత ప్రభుత్వ ఎగుమతి అనుమతి అవసరమయ్యే వైపు జారుతుంది. తయారీ దృష్టితో చూస్తే విప్పగలిగే నెక్ ఉన్న పెట్టెదే పైచేయి, చట్టం దృష్టిలో బిగించేసిన నెక్‌దే సులువు. ఈ రెండు అవసరాలూ ఒకేచోట కుదిరేది బోల్టుల జాయింటులోనే: బిగించి పంపవచ్చు, చేరాక విప్పి కోణం దిద్దుకోవచ్చు. మహాగని నెక్, మేపుల్ పెట్టె వంటి కలయికల్లో చిక్కు తక్కువే, కాకపోతే మహాగనిలో కూడా కొన్ని జాతులు సైటిస్ జాబితాలో ఉన్నాయి కాబట్టి చెక్క శాస్త్రీయ నామం తెలియాల్సిందే. బ్రెజిల్ రోజ్‌వుడ్ వ్యవహారం ఇంకా కఠినం. 1992లోనే అది మొదటి అనుబంధంలోకి వెళ్లింది, అక్కడ పూర్తయిన వాయిద్యానికి కూడా ఈ మినహాయింపు లేదు. ఆ చెక్క జాబితాలో చేరకముందే నరికినదని ప్రభుత్వం ధ్రువీకరించిన పత్రం లేకపోతే, ఆ గిటార్ ఏ దశలో ఉన్నా సరిహద్దు దాటదు.